పక్కింటి వైఫై, మనింటి వైఫై

రాత్రి ఏడు దాటగానే నెట్టు నత్తనడక పడుతోందని చెప్పని ఇల్లాలు ఈ మధ్య నాకు కనిపించలేదు. గద్వాలలో మా వీధిదే కాదు, వనపర్తిలో మా ఆడబిడ్డదీ, నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలిదీ అదే మాట. ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, తెర మీద మాత్రం చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దీనికి మనం చేసే వైద్యం రెండు రకాలు. ఒకటి, ఇంకో రెండు మూడు వందలు ఎక్కువ కట్టి పెద్ద ప్లాను తీసుకోవడం. రెండోది, పక్కింటివాళ్ళు మన వైఫై వాడుకుంటున్నారని అనుమానపడడం. నన్నడిగితే చాలాసార్లు ఈ రెండూ ఆ రోగానికి మందు కావు. పక్కింటావిడతో కూర్చుని పది నిమిషాలు మాట్లాడడమే మందు.

ఎందుకంటారా? వైఫై అన్నది తీగలో పోయే నీళ్ళు కాదు, గాలిలో పోయే మాట. మనలో చాలామంది ఇళ్ళలో రౌటర్ మాట్లాడే దారి పేరు 2.4 గిగాహెర్ట్జ్. అందులో 1 నుంచి 13 దాకా ఛానళ్ళున్నాయి. పదమూడు ఉన్నాయి కదా, అందరికీ సరిపోతాయిలే అనుకుంటాం. కాని ఒక్కో రౌటర్ మాట్లాడితే దాని గొంతు నాలుగైదు ఛానళ్ళ మీద పరుచుకుంటుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోదగ్గవి 1, 6, 11 అనే మూడే.

ఇద్దరు ఒకే ఛానల్‌లో ఉంటే అంత ప్రమాదం లేదు. రౌటర్లకు ఒక మర్యాద ఉంది. ఎదుటిది మాట్లాడుతుంటే ఇది ఆగి, వంతు వచ్చాక మాట్లాడుతుంది. కాలువ కింద పొలాలకు వంతుల మీద నీళ్ళు పారించుకున్నట్టే. కొంచెం ఆలస్యమవుతుంది, పని మాత్రం జరుగుతుంది. చిక్కంతా ఒకరు 6లో, ఇంకొకరు 4లో, మరొకరు 8లో ఉన్నప్పుడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, గోల మాత్రం వినబడుతుంది. పంపిన మాట చెడిపోతుంది, మళ్ళీ పంపాలి. అదీ మనకు కనబడే గిరగిరా చక్రం.

ఇది ఉత్త కాలక్షేపం మాట కాదు. మా వీధిలో ఒక అక్క ఇంట్లోనే గద్వాల చీరలు పెట్టుకుని అమ్ముతుంది. కొనేవాళ్ళు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. సాయంత్రం వీడియో కాల్‌లో నూలు ఒడలు చూపించి, పట్టు అంచు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోతుంది. రంగు తెలియని చీరను ఎవరు కొంటారు? బేరం పోతుంది. గోడ అవతలి పిల్లగాడు తన నెట్టు వాడుతున్నాడని ఆమె నెలలో మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చింది. నెట్టు బాగుపడలేదు కాని, రెండిళ్ళ మధ్య కూర గిన్నెలు తిరగడం ఆగిపోయింది. దొంగతనం లేని చోట దొంగను వెతికితే జరిగేది ఇదే.

మా అమ్మాయి ఫోనులో వైఫై ఛానళ్ళు చూపించే ఉచిత యాప్ వేసింది. వరసగా ఆనుకుని ఉన్న నాలుగు ఇళ్ళలో రెండు 6 మీద, ఒకటి 4 మీద, ఇంకొకటి 8 మీద ఉన్నాయి. "వదినా, మీ నెట్టు గూడ రాత్రి ఇట్లనే ఆగుతదా?" అని చీరల అక్కే గోడ అవతలికి వెళ్ళి అడిగింది. మొదటి ఇంటికి 1, రెండోదానికి 6, మూడోదానికి 11, దూరంగా ఉన్న నాలుగో ఇంటికి మళ్ళీ 1 పెట్టుకున్నాం. స్వర్గమేమీ దిగి రాలేదు. కాని ఇప్పుడు కాల్ అంచు దాటి కొంగు దాకా వెళుతోంది.

మరి ప్రభుత్వానికి ఫిర్యాదు చేయొచ్చు కదా అంటే, అదీ కుదరదు. 2005 జనవరిలో కేంద్రం ఈ 2.4 దారిని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని వదిలినప్పుడే షరతు పెట్టింది. ఇది అందరూ పంచుకోవాల్సింది, ఇంకొకరి వల్ల అడ్డం వచ్చిందని రక్షణ అడగకూడదు. అంటే ఇక్కడ పెద్దమనుషులం మనమే.

పెద్ద యాంటెన్నాల రౌటర్ కొంటే పోదా అనేవాళ్ళకు మన పాలమూరు బోర్లే జవాబు. పక్క చేను వాళ్ళు రెండు వందల అడుగులు వేస్తే మనం మూడు వందలు, వాళ్ళు నాలుగు వందలు. చివరికి రెండు బోర్లూ ఎండుతాయి. గొంతు పెంచితే పక్కవాళ్ళూ పెంచుతారు.

చేయాల్సినవి చిన్న పనులే. రౌటర్‌ను ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గోడకు కాక ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. ఇనుప బీరువా వెనక, ఫ్రిజ్ పక్కన వద్దు. మైక్రోవేవ్ కూడా ఇదే దారిలో గోల చేస్తుంది, దానికీ దూరంగా ఉంచండి. 2.4లో ఛానల్ వెడల్పు 40 ఉంటే 20కి తగ్గించండి, 40 పెడితే వీధి దారంతా మీరే ఆక్రమించినట్టు. రౌటర్‌కు 5 గిగాహెర్ట్జ్ ఉంటే దగ్గరి ఫోన్లను దాని మీదకు మార్చండి. మన దేశంలో 2018లో ఆ దారిని బాగా వెడల్పు చేశారు. అది గోడలు సరిగా దాటలేదంటారు, పక్కింటికి అదే మేలు. కదలని టీవీకి తీగ వేస్తే గాలిలో ఒక గొంతు తగ్గుతుంది.

ఇవన్నీ మగవాళ్ళ పనులు, మనకెందుకని వదిలేయకండి. గ్యాసు రెగ్యులేటర్ మార్చే మనకు, మోటరు స్విచ్చు బాగుచేయించే మనకు ఇది కష్టం కాదు. చాలా రౌటర్ల కింద అంటించిన కాగితం మీదే అడ్రసు ఉంటుంది, యూజర్ పేరు ఉంటుంది. లేకపోతే నెట్టు పెట్టిన అబ్బాయిని అడిగి రాసిపెట్టుకోండి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మనం, పక్కింటి గడప తొక్కే చనువు ఉన్నదీ మనకే.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు. 1, 6, 11. ఈ మూడంకెలు పంచుకుంటే చాలు.