స్టాంపు మీది దేశం పేరు చదవడం నేర్చుకుందాం

స్టాంపుల సేకరణ రాజుల సరదా అంటారు. ఒక ట్రంకు పెట్టె, ఒక పళ్ళెం, ఒక గ్లాసు తప్ప వేరే ఆస్తి లేని హాస్టల్ పిల్లలకు ఆ సరదా ఎందుకని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఎందుకో చెప్పడానికే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో మా సేకరణ పాత కాగితాల దుకాణం దగ్గర మొదలైంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అంతర్జాతీయ సంస్థ. చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు. ఇలాంటి ప్రాంతంలో ఏ దేశం కవరు ఎటు తిరిగి రద్దీలోకి వస్తుందో చెప్పలేం. దుకాణం అతను జాలిపడి ఇచ్చిన కవర్ల మూలలు కత్తిరించి, నీళ్ళ గిన్నెలో నానబెట్టి, పాత పేపరు మధ్య ఆరబెట్టి, రెండు వందల పేజీల నోటుబుక్కులో అంటించేవాళ్ళం. జిగురు నేరుగా పూసి ఎన్నో పాడుచేశాం కూడా. ఆ తప్పు మాదే.

అసలు కష్టం అంటించడంలో కాదు, ఏ దేశానిదో తేల్చడంలో వచ్చింది. 'హెల్వేషియా' అనే దేశం కోసం అట్లాసు అంతా వెతికాం. అది స్విట్జర్లాండ్ అని చాలా రోజులకు తెలిసింది. అక్కడ నాలుగు అధికార భాషలు ఉన్నందున ఏ ఒక్క భాషకూ పెద్దపీట వేయకుండా లాటిన్ పేరు ముద్రిస్తారు. 'మాగ్యార్' అంటే హంగరీ, 'సుఓమి' అంటే ఫిన్లాండ్, 'నిప్పన్' అంటే జపాన్. 'సి.సి.సి.పి.' అని మేము చదివింది నిజానికి రష్యన్ లిపిలో ఎస్.ఎస్.ఎస్.ఆర్., అంటే సోవియట్ యూనియన్. అది 1991లోనే విడిపోయింది. దేశం పోయినా స్టాంపు మిగిలింది. ఏ పేరూ లేకుండా రాజో రాణో బొమ్మ మాత్రమే ఉంటే అది బ్రిటన్‌ది. 1840లో మొట్టమొదట అంటించే తపాలా బిళ్ళ తెచ్చింది వాళ్ళే. అప్పటికి వేరే దేశపు స్టాంపులు లేవు కాబట్టి పేరు అవసరం పడలేదు. ఆ ఆనవాయితీ నేటికీ సాగుతోంది.

ఇవన్నీ జనరల్ నాలెడ్జి బిట్లుగా పనికొస్తాయి, నిజమే. కానీ మాకు కళ్ళు తెరిపించింది వేరే సంగతి. మాతో చదివిన ఒక తమ్ముడు "మా నాయన దుబాయిల ఉన్నడన్నా" అని చెప్పేవాడు. ఒకరోజు నాయన రాసిన ఉత్తరం కవరు మా నోటుబుక్కు కోసం తెచ్చి ఇచ్చాడు. స్టాంపు మీద అరబ్బీ రాత పక్కన ఇంగ్లీషులో 'కె.ఎస్.ఎ.' అని మూడు అక్షరాలు. అంటే సౌదీ అరేబియా. దుబాయి పేరుతో స్టాంపులు 1972తోనే ఆగిపోయాయి. 1973 నుంచి అక్కడి స్టాంపులన్నీ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పేరుతోనే వస్తున్నాయి. ఆ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. మన ఊళ్ళలో గల్ఫ్‌కు ఎవరు పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటాం. కానీ అక్కడ జీతం ఆగినా, జబ్బు చేసినా ఇంటివాళ్ళు ఏ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి? దేశం పేరే తెలియకపోతే ఆ అర్జీ ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి మేము దీన్ని సరదా అనుకోలేదు.

మన సొంత గడ్డ సంగతీ ఇంతే. సంగారెడ్డి, పటాన్‌చెరు ఒకప్పుడు నిజాం రాజ్యంలోనివి. ఆ రాజ్యం 1869 నుంచి సొంత స్టాంపులు వేసుకుంది. వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి. 1931లో వచ్చిన వరుసలో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్ బొమ్మలున్నాయి. 1950లో అవి ఆగి భారతదేశపు స్టాంపులే మిగిలాయి. భారతదేశపు స్టాంపుల్లోనూ 1962 నుంచి హిందీలో 'భారత్', ఇంగ్లీషులో 'ఇండియా' అని పక్కపక్కన కనిపిస్తాయి. 1966 ఏప్రిల్ 14న విడుదలైన బాబాసాహెబ్ అంబేద్కర్ స్టాంపు అలాంటిదే. మన నోటుబుక్కులో మొదటి పేజీ దానికే దక్కాలి.

"ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారు? స్టాంపులెక్కడ దొరుకుతాయి?" అని తమ్ముళ్ళు అడుగుతారు. దొరకడం తగ్గిన మాట నిజం. అయినా హైదరాబాద్ ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో సేకరించేవారి కోసం ప్రత్యేక విభాగం ఉంది. పైగా తపాలా శాఖ 2017లో 'దీన్ దయాళ్ స్పర్శ్ యోజన' తెచ్చింది. స్టాంపుల మీద ఆసక్తి ఉన్న 6 నుంచి 9 తరగతుల విద్యార్థులకు ఏడాదికి రూ. 6000 చొప్పున దేశంలో 920 మందికి ఉపకార వేతనం ఇచ్చే పథకమిది. బడిలో స్టాంపుల క్లబ్బు ఉండాలి, లేదా విద్యార్థికి తపాలా శాఖలో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. క్విజ్ రాయాలి, ప్రాజెక్టు చేయాలి. ఏసీ బడుల పిల్లలకు తెలిసిన ఈ సంగతి మన హాస్టల్ నోటీసు బోర్డు మీదికి ఎందుకు రాకూడదు?

అందుకే మా మనవి ఇది. ప్రతి హాస్టల్లో ఒక రిజిస్టరు పెట్టండి. ఒక గడిలో స్టాంపు మీద ఉన్న పేరు ఉన్నట్టే, పక్క గడిలో మనం పిలిచే దేశం పేరు, తర్వాత నాణెం పేరు, విలువ, ముద్రలోని ఊరు, తేదీ, తెచ్చిన వారి పేరు రాయండి. తెలియనిది ఊహించి రాయకండి. గడి ఖాళీగా వదిలి సోషల్ సారును అడగండి. తెలియదని ఒప్పుకోవడం కూడా చదువే.

పూర్వ విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు గల్ఫ్‌లో, కొందరు అమెరికాలో, కొందరు బెంగళూరు, ముంబైలలో ఉన్నారు. హాస్టల్‌కు చందా పంపండి, సంతోషం. దానితో పాటు ఏడాదికి ఒక్క ఉత్తరం, నిజమైన స్టాంపు అంటించి, మన తమ్ముళ్ళ పేరున రాయండి. ఆ కవరు అందిన రోజు ఒక పిల్లవాడు అట్లాసు తెరుస్తాడు. అంతకంటే మంచి చందా మరొకటి ఉందని మేము అనుకోవడం లేదు.