దువాలిచ్చాం కదా, డబ్బులెందుకు?



మొన్న ఏప్రిల్‌లో మా చిచ్చా కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల పాపకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండుతున్నాయి. జుమా రోజు బిస్మిల్లా, దావత్. "భాయ్‌జాన్, భాబీ చేతి చాక్లెట్ కేకు ఉండాల్సిందే. మూడు పొరల్ది. బచ్చీ అదే అడుగుతోంది" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగకుండా "హౌ, హో జాతా" అనేశాను. ఎంతవుతుందని అతను అడగలేదు. నేను చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, వంటింటి వైపు తిరిగి బేగంకి సంగతి వినిపించాను.

ఆమె గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే అంది: "వాదా మీరు చేశారు కదా, కేకు కూడా మీరే చేయండి. నేను పక్కన నిలబడి చెప్తా."

నవ్వులాట అనుకున్నాను. కాదు. జుమేరాత్ నాడు ఫజర్ నమాజ్ అయ్యాక నా మెడలో ఏప్రన్ వేసింది. ఈ వ్యాసం ఆ కేకు గురించి. ఇంకా, మన ఖాన్‌దాన్లలో ఆడవాళ్ల చేతి మెహనత్‌కి ఖీమత్ లేకుండా చేసిన మన మగవాళ్ల గురించి. మొదటి ముల్జిమ్‌ని నేనే కాబట్టి ఎవరూ నారాజ్ కాకండి.

ముందు పని చెప్తాను. తిన్నవాళ్లకి పని తెలీదు. నాకూ తెలీదు, పదహారేళ్లుగా తింటున్నా.

మా ఓవెన్ చిన్నది. ఏడంగుళాల టిన్ను ఒక్కటే పడుతుంది. అందుకని మూడు పొరలంటే మూడు వాయిలు. పిండి ఒకేసారి కలిపి పెట్టుకుంటే అయిపోతుంది కదా అన్నాను. కాదట. మజ్జిగలో పులుపు, కోకోలో పులుపు సోడాకి తగలగానే బుడగలు పుట్టడం మొదలవుతుంది. ఆ బుడగలే కేకుని లేపేది. గంట సేపు గిన్నెలో ఉంచితే బుడగలు పోయి మూడో పొర దిబ్బరొట్టె అవుతుంది. కాబట్టి ఒక్కో వాయికి విడివిడిగా తూచాలి. 100 గ్రాముల మైదా, 140 గ్రాముల చక్కెర, 30 గ్రాముల కోకో, అర చెంచా కన్నా కాస్త ఎక్కువ సోడా, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. కోకో ఉండలు కడుతుంది, అందుకని అన్నీ కలిపి జల్లెడ పట్టాలి. ఇంకో గిన్నెలో ఒక గుడ్డు, 100 మిల్లీలీటర్ల మజ్జిగ, 50 మిల్లీలీటర్ల నూనె గిలకొట్టాలి. రెండూ కలిపాక చివర్లో 100 మిల్లీలీటర్ల వేడి కాఫీ డికాక్షన్ సన్నటి ధారగా పొయ్యాలి. గబుక్కున పోస్తే గుడ్డు ఉడికిపోతుంది. కేకులో కాఫీ వాసన రాదు. కానీ ఆ వేడికి కోకో విచ్చుకుని చాక్లెట్ రుచి రెట్టింపవుతుంది.

పిండి దోసెల పిండి కన్నా జారుగా ఉంది. తప్పయిందనుకుని గుప్పెడు మైదా వెయ్యబోయాను. బేగం నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇది ఇలాగే ఉండాలి. గట్టిగా ఉంటే ఎండిపోతుంది."

కోకో డబ్బాల్లోనూ రకాలున్నాయని ఆ రోజే తెలిసింది. మామూలు కోకోకి పులుపుంటుంది. డచ్ పద్ధతి కోకోలో క్షారం కలిపి ఆ పులుపు తీసేస్తారు, రంగు ముదురుగా వస్తుంది. మామూలు కోకోకి రాసిన కొలతలో డచ్ కోకో వేసి, సోడా అలాగే ఉంచితే కేకు సరిగా లేవకపోవచ్చు, సబ్బు రుచి కూడా రావచ్చు. ఇదంతా ఆమెకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పాడైపోయిన కేకులు నేర్పాయి. వాటి ఖర్చు కూడా ఆమెదే.

175 డిగ్రీలు, ఒక్కో వాయికి అరగంట. మధ్యలో తలుపు తెరిస్తే కుంగుతుంది. కరెంటు పోతే మొత్తం పోతుంది. రెండో వాయి లోపల ఉండగా కరెంటు ఒక్కసారి రెప్పపాటు పోయి వచ్చింది. అప్పుడు బేగం మొహం చూశాను. పరీక్ష రాసే పిల్లలకి కూడా అంత ఫికర్ ఉండదు.

ఇక ఫ్రాస్టింగ్. 200 గ్రాముల వెన్న తెల్లబడేదాకా గిలకొట్టి, 350 గ్రాముల ఐసింగ్ షుగర్, 30 గ్రాముల కోకో కొంచెం కొంచెంగా కలిపాం. పొరల మధ్యలోకి గనాష్: 200 గ్రాముల డార్క్ చాక్లెట్ తురిమి, అంతే బరువు క్రీము వేడి చేసి దాని మీద పోసి, కదపకుండా రెండు నిమిషాలు ఆగి కలపడం. ఇక్కడే నేను తొందరపడ్డాను. పొరలు గోరువెచ్చగా ఉండగానే పూత మొదలుపెట్టాను. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోయే వస్తువు. మా కర్నూలు ఏప్రిల్‌లో వంటిల్లే అంతకన్నా వేడి. పైపొర జారి ఒక పక్కకి ఒరిగింది, ఫ్రాస్టింగ్ పళ్లెంలోకి దిగింది.

ఆమె ఒక్క మాట అనలేదు. అట్లకాడతో మొత్తం గీకేసి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టింది. పొరలు పూర్తిగా చల్లారేదాకా కూర్చోబెట్టింది. పైన ఉబ్బిన భాగాన్ని పళ్ల కత్తితో సమంగా కోసింది. ముందు పల్చగా ఒక పూత వేసింది. అది అందానికి కాదు, పొడి రాలకుండా పట్టి ఉంచడానికి. అరగంట ఫ్రిజ్. ఆ తర్వాత అసలు పూత. మధ్యలో జొహర్ నమాజ్ అయింది. జిడ్డు గిన్నెలు పదిహేడు. అవి నేనే తోమాను, వేడి నీళ్లతో.

లెక్క రాశాను. మైదా, చక్కెరలు, గుడ్లు 110. కోకో 160. నూనె, మజ్జిగ, కాఫీ 50. వెన్న 120. చాక్లెట్ 190. క్రీము 75. కరెంటు, డబ్బా, కింద అట్ట 75. మొత్తం 780 రూపాయలు. మనిషి నిలబడి చేసిన పని నాలుగున్నర గంటలు. మా వీధి చివర అడ్డా మీద సగం రోజుకి మనిషిని పిలిస్తే 400కి తక్కువ రాడు, రాకూడదు కూడా. హునర్‌కి ఏమీ కట్టకుండా, ఒట్టి కూలీ లెక్క వేసినా కేకు 1180 అయింది. బరువు దాదాపు రెండు కిలోలు.

దావత్‌లో కేకు కోశారు. మాషా అల్లాహ్, తారీఫులే తారీఫులు. ఇద్దరు ఖాలాలు, ఒక ఫుప్పూ బేగం చేతులు పట్టుకుని "హమారేకు భీ బనాకే దేవ్ బేటా" అన్నారు. డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు. వరసకు మామూ ఒకాయన మాత్రం ఎత్తాడు: "బేకరీలో కిలో 500కి వస్తుంది. ఇంట్లో చేస్తే 300 అవుతుందేమో." మా తమ్ముడు డబ్బాలో బిర్యానీ సర్ది ఇచ్చి "భాబీకి బోలెడు దువాలు" అన్నాడు. "ఘర్ కీచ్ బాత్ హై నా" అని నేనే నవ్వాను.

ఇంటికొచ్చాక బేగం తన నోట్‌బుక్ నా ముందు పెట్టింది. రెండేళ్లలో మా ఖాన్‌దాన్‌కి, నా దోస్తులకి చేసిన కేకులు 31. అందులో డబ్బులొచ్చినవి 9. మిగతా 22 నేను ఫోన్లో "హో జాతా" అన్నవి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చెప్తాను. నిజామాబాద్‌లో పనిచేసిన రోజుల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద ఎన్నో వార్తలు రాశాను. వెయ్యి బీడీలకి ఎంత ఇస్తున్నారు, తరుగు పేరుతో ఎంత కోస్తున్నారు, ఆకు సరిగా లేకపోతే నష్టం ఎవరి మీద వేస్తున్నారు. వాళ్లలో మన బహెన్లు ఎందరో. బీడీ కార్మికుల కోసం 1966లోనే పార్లమెంటు చట్టం చేసింది. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లూ కార్మికులేనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. ఇవన్నీ నేను రాసినవే, వేదికల మీద మాట్లాడినవే. బీడీ సేట్‌ని జాలిమ్ అన్నాను. ఆ సేట్ వెయ్యికి ఎంతో కొంత ఇచ్చాడు. నేను 22 కేకులకి ఒక్క పైసా ఇవ్వలేదు, ఇప్పించలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. నా చిన్నప్పుడు రమజాన్ ఆఖరి అషరాలో అమ్మీ బిస్కెట్ల పిండి కలిపేది. మైదా, నెయ్యి, చక్కెర, ఏలకులు. మోచేతుల దాకా పిండి. నేను ఆ తట్ట నెత్తిన పెట్టుకుని మొహల్లా బేకరీ భట్టీకి పోయేవాణ్ని. భట్టీ చాచా కిలోకి ఇంతని కాల్చే కూలీ తీసుకునేవాడు. అబ్బా బేరం లేకుండా ఇచ్చేవారు. కాల్చిన చేతికి కూలీ ఉంది. రోజా ఉండి రెండు గంటలు పిండి పిసికిన చేతికి లేదు. అప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

మీరు అనబోయేవి నాకు తెలుసు. ఒక్కోటి తీసుకుందాం.

"ముహబ్బత్‌కి బిల్లేమిటి?" అంటారు. కరెక్టే, ముహబ్బత్‌కి బిల్లు లేదు. కానీ ముహబ్బత్ ఎవరిది? హదియా వేరు, ఉజ్రత్ వేరు. ఇచ్చేవాళ్లు తమ ఇష్టంతో ఇస్తే హదియా. తీసుకునేవాళ్లు ముందే "ఇది హదియా" అని ఖాయం చేసుకుంటే అది హదియా కాదు, వెట్టి. ఆమె చెల్లెలి బిడ్డకి ఆమె చేసిన కేకు హదియా. నా దోస్త్ ప్రమోషన్‌కి ఆమె చేత నేను చేయించింది వెట్టి.

"బేకరీలో చవక" అంటారు. చవకే. చాలా బేకరీ కేకుల మీద ఉండేది పాల క్రీము కాదు, వనస్పతి నూనెతో చేసిన టాపింగ్. చాక్లెట్ అని పోసేది చాలాసార్లు కాంపౌండ్, అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వు. లోపలి పొర ప్రీమిక్స్. ఒకేసారి ఇరవై కేకులు కాలుస్తారు. అది హరామ్ అనడం లేదు, మోసం అనడం లేదు. అక్కడా మన పిల్లలే కొలువు చేస్తున్నారు. ఆ రుచి చాలనుకుంటే అక్కడే కొనండి. కానీ వెన్న, అసలు చాక్లెట్ కావాలని ఇంటికొచ్చి, ధర మాత్రం బేకరీది మాట్లాడకండి.

"ఇంట్లో ఖాళీగానే ఉంటారు కదా" అంటారు. ఈ మాటకి జవాబు రాయను. ఒక జుమేరాత్ మీరూ ఏప్రన్ కట్టుకోండి.

"మన ఆడవాళ్లు డబ్బులడిగితే ఇజ్జత్ ఏమవుతుంది?" అంటారు. ఉమ్ముల్ మోమినీన్ ఖదీజా రజియల్లాహు అన్హా తిజారత్ చేశారు. జైనబ్ బింత్ జహష్ రజియల్లాహు అన్హా తన చేతులతో తోలు పని చేసి, ఆ సంపాదన ఖైరాత్ చేసేవారు. స్త్రీల కమాయీలో హక్ స్త్రీలదేనన్నది సూరా నిసాలో ఉన్న విషయం. మహర్ ఆమె హక్ అని నికాహ్‌లో నలుగురి ముందు ఒప్పుకుంటాం. ఆమె కేకు ఆమె హక్ అనడానికి గొంతు ఎందుకు పట్టేస్తుంది? ఇజ్జత్ పోయేది అడిగినందుకు కాదు, ఎగ్గొట్టినందుకు.

మన మొహల్లాల్లో చదువుకుని ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఎందరో ఇప్పుడు ఓవెన్ కొనుక్కుని ఈ పని మొదలుపెడుతున్నారు. ఆహార భద్రతా సంస్థలో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంటున్నారు. వాళ్ల మొదటి గ్రాహకులం మనమే, బంధువులం. మొదట ముంచేదీ మనమే. పది కేకులు దువాలకి చేసిన పిల్ల పదకొండోది చెయ్యదు, ఓవెన్ మీద గుడ్డ కప్పేస్తుంది. తర్వాత మనమే అంటాం, "మన పిల్లలకి బిజినెస్ రాదు" అని.

నేను అడిగేది పెద్దదేం కాదు. కేకు చెప్పేటప్పుడు "ఎంతవుతుంది" అని ముందు అడగండి. సరుకు డబ్బు అడ్వాన్స్ ఇవ్వండి. మిగతాది డబ్బా చేతికందినప్పుడే ఇవ్వండి, ఈద్ తర్వాత కాదు. మీ ఖాతాలో వేయించుకోకండి, ఆమె ఖాతాలో వెయ్యండి. ఆమె "వద్దు, ఇది నా తరఫున" అంటే షుక్రియా చెప్పి తీసుకోండి, ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి. భర్తలకి, భాయిలకి ఒక్కటే: ఆమె చెయ్యాల్సిన పనికి మీరు వాదా చెయ్యకండి.

బిస్మిల్లా కేకు 1180 నేనే బేగం ఖాతాలో వేశాను. పాత 22 కేకుల బాకీ ఇంకా ఉంది, నెలకి రెండు చొప్పున తీరుస్తున్నాను. మా తమ్ముడికి ఈ లెక్క పంపించాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు 800 పంపాడు, భాబీ నంబరుకే.

నిన్న ఫుప్పూ ఫోన్ చేసింది. మనవడికి చాక్లెట్ కేకు కావాలంది. నాలిక చివరిదాకా "హో జాతా" వచ్చింది. ఆపుకున్నాను.

"ఫుప్పూ, బేగం నంబరిస్తాను. ఆమెని అడగండి."