చెప్పకపోతే ఏమనుకోవాలి?

రాజమండ్రిలో ఏ టీ దుకాణానికైనా వెళ్లి "ఒక టీ" అనండి. పంచదార వెయ్యాలా అని ఎవరూ అడగరు, వేసే ఇస్తారు. వద్దనుకున్నవాళ్లే ఆ మాట చెప్పుకోవాలి. పైథాన్ అనే కంప్యూటరు భాషలో మీరు రాసే ఫంక్షన్లకు (మీ లెక్కల పుస్తకంలోని ప్రమేయాలకు ఇవి దగ్గరి చుట్టాలు) ఇటువంటి సదుపాయమే ఉంది. ఇవ్వవలసిన విలువల్లో కొన్నింటిని ముందే రాసి పెట్టవచ్చు. పిలిచేవారు ఇస్తే ఆ విలువ, ఇవ్వకపోతే మనం రాసి పెట్టినది. వీటిని ఐచ్ఛిక పరామితులు అంటారు.

సదుపాయం మంచిదే. కాని ఎక్కడబడితే అక్కడ వాడకూడదని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

గోదావరి వరద హెచ్చరిక చెప్పే చిన్న ప్రోగ్రాము రాస్తున్నామనుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఎగువన భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. నది ఒకటే అయినా ఎక్కడి కొలత అక్కడిదే. కనుక మన ఫంక్షన్‌కు నీటిమట్టం, స్థలం రెండూ కావాలి.

స్థలం ఇవ్వకపోతే "భద్రాచలం" అనుకోమని రాశామనుకోండి. ధవళేశ్వరం నుంచి ఎవరో తొందరలో 18 అని మాత్రమే ఇస్తారు. అక్కడ మూడవ హెచ్చరిక దాటిపోయింది. మన ప్రోగ్రాము మాత్రం 18 అంటే 43 కన్నా ఎంతో తక్కువ కదా అని "ప్రమాదం లేదు" అంటుంది. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క చెప్పదు! లంక గ్రామాలవాళ్లు అది నమ్మి పడుకుంటే?

పోనీ, "ధవళేశ్వరం" అనుకోమంటే బాగుపడుతుందా? అప్పుడు భద్రాచలంలో 20 అడుగులున్న రోజున కూడా మూడవ హెచ్చరిక మోగుతుంది. రెండుసార్లు ఉత్తుత్తిగా మోగితే మూడోసారి ఎవరూ లేవరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు వచ్చింది. అలాంటి రోజున గంట మోగినా జనం కదలకపోతే ఏం కావాలి?

కాబట్టి స్థలాన్ని ఐచ్ఛికం చెయ్యకండి. మరచిపోతే పైథాన్ అక్కడే ఆగి, విలువ తక్కువైందని పేచీ పెడుతుంది. ఆ పేచీ మనకు మేలే. హెచ్చరిక ఏ భాషలో చూపాలన్న దానికి మాత్రం హాయిగా "తెలుగు" అని రాసి పెట్టుకోండి. అది మరచిపోయినందువల్ల ఎవరి కొంపా మునగదు.

ఇంకొక గొయ్యి కూడా ఉంది. ఇవ్వకపోతే ఖాళీ జాబితా అనుకోమని రాస్తే, పైథాన్ ఆ జాబితాను ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారు చేస్తుంది. ఒక పిలుపులో అందులో చేర్చిన నీటిమట్టాలు తరువాతి పిలుపులోనూ అక్కడే ఉంటాయి. నిన్నటి కడగని గ్లాసులో ఇవాళ టీ పోసినట్టు! అక్కడ "నన్" అని రాసి, ఖాళీ జాబితాను ఫంక్షన్ లోపల తయారు చేసుకోవాలి.

స్థలం పేరు ప్రతిసారీ టైపు చెయ్యడం విసుగంటారా? విసుగే. పదో పన్నెండో మీటలు నొక్కాలి.