ముందు బ్రేకు ఏ చేతికి ఉండాలి?



మన ఏజెన్సీ ఊళ్లల్లో కూడా డిస్క్ బ్రేకుల మౌంటెన్ సైకిళ్లు తిరుగుతున్నాయి. కొన్నిటికి హైడ్రాలిక్ బ్రేకులు, అంటే తీగ బదులు పైపులో ఆయిల్ ఉండేవి. వీటిలో కొన్నిటికి కుడి లివర్ నొక్కితే ముందు చక్రం ఆగుద్ది, కొన్నిటికి ఎడమ లివర్ నొక్కితే ఆగుద్ది. "ఏదైతే ఏంటి, అలవాటైపోద్ది" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. మన దగ్గర తిరిగే ప్రతి సైకిల్‌కీ ముందు బ్రేకు కుడి చేతికే ఉండాలి. లేకపోతే మార్పించాలి.

ఎందుకంటే మనం సైకిల్ ఒక్కటే తొక్కం. మోటార్ సైకిల్‌కీ, స్కూటీకీ ముందు బ్రేకు కుడి చేతికే ఉంటది. చేతులు నేర్చుకున్నది అదే. అమెరికాలో రూలే వేరు, అక్కడ సైకిల్‌కి ముందు బ్రేకు ఎడమకి, వెనకది కుడికి. కొనేవాళ్లు అడిగితే మార్చి ఇవ్వొచ్చు. కాబట్టి అలా వచ్చిన బండిలో లోపం ఏమీ లేదు, అది వేరే దేశం అలవాటుకి బిగించింది, అంతే.

పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి ఘాట్‌లోనో దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తది. బండిని బాగా ఆపేది ముందు బ్రేకే. కానీ మలుపులో గులకరాళ్ల మీద దాన్ని గట్టిగా పట్టేస్తే చక్రం జారి పడతాం. అడ్డంగా మేక వచ్చినప్పుడు ఏ చెయ్యి ఏ బ్రేకో ఆలోచించే టైం ఉండదు. వెనకది అనుకుని ముందుది నొక్కితే పళ్లు రాలతాయి.

"నా బండి నేనొక్కడినే తొక్కుతా, ఎడమకే అలవాటు" అనేవాళ్లు ఉంటే వాళ్లు మార్చక్కర్లేదు. కానీ మనలో ఎవరి బండి వాళ్లొక్కళ్లే తొక్కుతారు? హాస్టల్లో ఒక సైకిల్ వస్తే పదిమంది తొక్కుతారు.

మార్చడం పెద్ద విద్య కాదు, అలాగని తీగ బ్రేకులంత తేలికా కాదు. స్రామ్ లివర్లు చాలావరకు ఏ వైపైనా పెట్టుకోవచ్చు. క్లాంపు విప్పి అటుది ఇటు, ఇటుది అటు బిగిస్తే చాలు, ఆయిల్ జోలికి పోనక్కర్లేదు. షిమానోవి ఎక్కువగా కుడి, ఎడమ వేరువేరు. వాటికి లివర్ దగ్గర పైపులు విప్పి మార్చాలి. పైపు చివర బిగించే ఆలివ్ అనే చిన్న రింగు, లోపలి పిన్ను కొత్తవి వెయ్యాలి. తర్వాత బ్లీడింగ్ చేసి గాలి మొత్తం తియ్యాలి. గాలి మిగిలితే లివర్ స్పాంజిలా మెత్తగా దిగుద్ది, బ్రేకు పట్టదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, పైపులు లాగకుండా అందుతున్నాయో లేదో ముందే చూసుకోండి.

ఆయిల్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. షిమానోకి మినరల్ ఆయిల్. స్రామ్‌లో చాలా మోడళ్లకి డాట్ ఫ్లూయిడ్. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. లివర్ మీద ఏం రాసుందో చదివాకే సీసా తెరవండి. డిస్క్ మీద, ప్యాడ్ల మీద చుక్క కూడా పడకూడదు. చక్రం తీసి ఉన్నప్పుడు లివర్ నొక్కొద్దు.

నేననేది ఒకటే. ప్రతి యువజన సంఘంలో ఇద్దరైనా, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఈ పని నేర్చుకోవాలి. అప్పటిదాకా ఎడమకి ముందు బ్రేకు ఉన్న బండికి ఆ లివర్ మీద ఎర్ర టేపు చుట్టండి. వేరేవాళ్లకి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి. తీసుకునేవాళ్లు ఎక్కే ముందు బండిని తోస్తూ ఒక్కో లివర్ నొక్కి చూడండి. మార్చిన బండిని కూడా ముందు చదును నేల మీద మెల్లగా తొక్కి చూశాకే ఘాట్‌కి తీసుకెళ్లండి.

మీరేమంటారు?