ఏడు సెకన్లలో పాసైతేనే పాత పాట!

పాత పాటల రేడియో ఓ నెల్రోజులు వరసగా వింటే ఇంట్లో పెద్దవాళ్లకి అనుమానం మొదలవుతుంది. ‘‘ఆ రోజుల్లో వేల పాటలొచ్చాయి కదా, వీళ్లేంటి తిప్పి తిప్పి అవే వేస్తారు? వేరే పాటల్లేవా?’’ అని. లేక కాదు. ఇరవైనాలుగ్గంటలూ పాత పాటలతోనే స్టేషన్ నడపడం అమెరికాలో దశాబ్దాల కిందటే పెద్ద వ్యాపారమైంది. అక్కడ పాటని ఎలా ఎంచుకుంటారో తెలిస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

అలాంటి స్టేషన్లని అక్కడ ‘ఓల్డీస్’ అంటారు. వాటిల్లో ఏ పాట వేయాలో మైకు ముందు కబుర్లు చెప్పే వ్యాఖ్యాత చేతిలో ఉండదు. ప్రోగ్రామ్ డైరెక్టర్ ఓ పరీక్ష పెట్టిస్తాడు. ఏ హోటల్ హాల్లోనో ఓ వందమందిని కూర్చోబెడతారు. వాళ్లకి సరిగమలు తెలియక్కర్లేదు, స్టేషన్‌కి కావలసిన వయసులో ఉంటే చాలు. వచ్చినందుకు డబ్బులిస్తారు. మార్కులు వేయడానికి కాగితాలిచ్చి వరసగా కొన్ని వందల పాటలు వినిపిస్తారు. పూర్తిగా అనుకునేరు! ఒక్కోటీ ఏడు నుంచి పది సెకన్లే. వినగానే ఫలానా పాట అని గుర్తుపట్టే ముక్క అన్నమాట. దాని పేరు ‘హుక్’... అంటే గాలం. నచ్చిందా, నచ్చలేదా, అసలు తెలీదా, విని విని విసుగెత్తిందా? అదీ ప్రశ్న.

తమాషా ఏమిటంటే, ఈ పరీక్షలో ప్రాణంగా ప్రేమించే పాట ఓడిపోవచ్చు. నలభైమంది ఆహా అని, ముప్ఫైమంది అబ్బే అన్న పాటకన్నా, అందరూ ‘ఫర్వాలేదు’ అన్న పాటే నయం స్టేషన్‌కి. ఎందుకంటే నచ్చిన పాట వస్తుందని జనం రేడియో పెట్టరు కానీ నచ్చనిది వస్తే మాత్రం వెంటనే స్టేషన్ మార్చేస్తారు. ‘తెలీదు’ అనిపించుకున్న పాటకైతే ఇక ఆశే లేదు. ఇలా వడపోస్తే చాలా స్టేషన్లలో మిగిలేవి నాలుగైదు వందలు. గంటకు 12 చొప్పున వేసినా 400 పాటలు ఒకటిన్నర రోజులోపే అయిపోతాయి. మళ్లీ మొదటికి! ఒకే గాయకుడు వెంటవెంటనే రాకుండా, నిన్న పొద్దున వేసిన పాట ఇవాళ పొద్దున రాకుండా చూడ్డానికి 1979లోనే ‘సెలెక్టర్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చింది. శ్రోతలు ఫోన్ చేసి పాట అడగొచ్చు, నిజమే. కానీ చాలాచోట్ల ఆ పాట అప్పటికే జాబితాలో ఉంటేనే వేస్తారు.

ఇంతకన్నా బాధపెట్టేది వయసు లెక్క. అక్కడ ప్రకటనలిచ్చేవాళ్లకి ఎక్కువగా కావలసింది 25 నుంచి 54 ఏళ్లవాళ్లు. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్-ఎఫ్‌ఎం 1972లో పాత పాటల బాట పట్టింది. అప్పుడు పాతికేళ్లున్న శ్రోతకి 2005 నాటికి 58. అంటే లెక్కలోంచి తప్పుకున్నట్టే. అతనితోపాటు అతని పాటలూ! 2005 జూన్ 3న ఆ స్టేషన్ ముందుగా చెప్పకుండా పాత పాటలు ఆపేసి, వ్యాఖ్యాతల్ని పక్కనపెట్టి, ‘జాక్’ అనే కొత్త అవతారం ఎత్తింది. శ్రోతలు మండిపడ్డారు. రెండేళ్లకి, 2007 జులై 12న, పాత పాటలు తిరిగొచ్చాయి. కానీ ఈసారి జాబితా దాదాపు 1964 నుంచి 1989 దాకా. యాభైల నాటి బృందగానాలు వింటూ పెరిగినవాళ్లకి రేడియో తిరిగొచ్చింది కానీ వాళ్ల పాటలు చాలావరకూ రాలేదు.

స్టేషన్ వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం. ప్రకటనల్లేకపోతే కరెంటు బిల్లెవరు కడతారు? కాకపోతే చిక్కొకటుంది. జనానికి గుర్తున్నవే వేస్తారు. వేసినవే జనానికి గుర్తుంటాయి. ఒకసారి జారిపోయిన పాట మళ్లీ పరీక్షకి వచ్చేసరికి ‘తెలీదు’ మార్కులే పడతాయి.

మన దగ్గర 1957లో మొదలైన వివిధభారతికి ఈ గొడవ లేదు. కోరిన పాట కావాలంటే కార్డు రాసి పోస్టులో వేయడమే. ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరికి దేశమంతా పేరొచ్చింది అలా రాసిన కార్డులతోనే. ఎవరు ఎక్కువ కార్డులు రాస్తే వాళ్ల మాటే చెల్లేదనుకోండి, అదీ పూర్తి న్యాయమేం కాదు. కానీ అక్కడ పాట అడిగేవాడికి ఓ పేరూ ఊరూ ఉండేవి.

సరదాగా మనమూ ఆ హోటల్ పరీక్ష పెట్టి చూద్దామా? ‘జగదేకవీరుని కథ’లో ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ తీసుకోండి. అందులోంచి ఏడు సెకన్లు కత్తిరించాలి. మా ఇంట్లో ఈ మాటంటే ఒకరు పల్లవి చాలన్నారు, ఇంకొకరు చివర్లో స్వరాలు కావాలన్నారు. మా నాన్న మాత్రం కత్తెర అక్కడ పెట్టమన్నారు.