ఫ్లాష్ ఆపి... కాస్త ఆగండి!

నాన్న పోయినప్పుడు పటం కట్టించడానికి ఆల్బమ్‌లన్నీ తిరగేశాం. ఎన్ని పెళ్లిళ్లో, ఎన్ని ఫొటోలో! అన్నింట్లోనూ ఆయన ఫ్లాష్‌కి బిగుసుకుపోయి నిలబడే ఉన్నారు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద చేరి విరగబడి నవ్వే నాన్న... ఒక్కదాంట్లోనూ లేరు. తీయాలని ప్రయత్నించకపోలేదు. ఫ్లాష్ మెరవగానే ఆ నవ్వు కాస్తా మాయమైపోయేది.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1920ల్లో పత్రికా ఫొటోగ్రాఫర్లు వెలుతురు లేని గదుల్లో మెగ్నీషియం పొడి వెలిగించి ఫొటోలు తీసేవారు. కళ్లు జిగేల్మనే వెలుగు, ఆపైన పొగ. ఇక ఎవరైనా మామూలుగా ఎలా ఉంటారు? జర్మనీకి చెందిన ఎరిక్ సాలమన్ వేరే దారి పట్టాడు. 1924లో వచ్చిన ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా లెన్సు, ఉన్న కాస్త వెలుతురుతోనే ఫొటో తీయనిచ్చేది. కానీ ఒక్కో గాజు పలక మీద ఒక్క ఫొటోనే. ఎదుటివాళ్లు ఓ క్షణం కదలకుండా ఆగేదాకా వేచి ఉండాల్సిందే. అలా ఆగే, 1930లో హేగ్ సమావేశంలో అర్ధరాత్రి దాటాక కునికిపాట్లు పడుతున్న మంత్రుల్ని పట్టుకున్నాడు. యూదుడైన సాలమన్‌ని నాజీలు 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ ఫొటోలు మాత్రం నిలిచాయి.

ఇప్పుడు మన చేతిలో ఫోనుంది. చాలా ఫోన్లలో నైట్ మోడ్ వరసగా కొన్ని ఫ్రేములు తీసి ఒక్కటిగా కలుపుతుంది. అంతసేపూ చెయ్యి కదిలినా, ఎదుటి మనిషి కదిలినా ఫొటో అలుక్కుపోతుంది. అందుకే స్తంభానికో గోడకో ఆనుకోండి. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి వదిలి నొక్కండి. దీపం వెలుగు ముఖం మీద పడుతున్న వైపు చేరండి. ముందు కాసేపు కబుర్లలో కూర్చోండి, మీ చేతిలో ఫోనున్న సంగతి వాళ్లే మరిచిపోతారు. నవ్వి నవ్వి అలిసి ఊపిరి తీసుకునే ఆ అరక్షణం కోసం చూడండి. తీశాక వాళ్లకి చూపించండి. వద్దంటే తీసేయండి.

మొన్న రాత్రి కరెంటు పోయింది. అమ్మ కొవ్వొత్తి ముందు కూర్చుని మా పాపకి వాళ్ల తాతయ్య సంగతులేవో చెబుతోంది. గుమ్మానికి ఆనుకుని పావుగంట ఆగాను. ఒక్కటే తీశాను. కాస్త మసగ్గా, చుక్కలు చుక్కలుగా వచ్చింది. అయితేనేం, అందులో అమ్మ అమ్మలాగే ఉంది!

"ముందే చెబితే చీరైనా మార్చుకునేదాన్ని కదరా" అంది చూసి.

అందుకేగా చెప్పనిది!