పొగ పెడితే నల్లులు చావవు



పోయిన శుక్రవారం మా క్యాంపుల ఫాగింగ్ చేసిన్రు. నైట్ డ్యూటీ వాళ్లు పండుకొని ఉండంగనే మిషన్ పట్టుకొని వచ్చిన్రు. వరండా నిండా తెల్లటి పొగ. క్యాంప్ బాస్ ఫోటోలు తీసుకొని "పని అయిపోయింది" అన్నడు. నాలుగో రోజుకు నల్లులు మళ్లీ మొదలు.

ఇందులో వింత లేదు. ఫాగింగ్ మిషన్ మందును సన్నటి తుంపరగా గాలిలోకి వదులుతుంది. ఎగిరే దోమకు తగిలితే చస్తుంది. నల్లి ఎగరదు. మంచం సందుల్లో, పరుపు కుట్లల్లో, గోడ పగుళ్లల్లో దాక్కుంటుంది. పొగ అక్కడిదాకా పోదు. గుడ్లు అట్లనే ఉంటయి, వారం పది రోజుల్లో పొదుగుతయి.

రోగాల క్రిములు చస్తయి గదా అంటరా? కరోనా టైంల, 2020 మే నెలల, ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది: గదుల్లో మందు పొగ కొట్టుడు కాదు, మందులో ముంచిన బట్టతో తుడవాలి అని.

"ఏదో ఒకటి చేస్తున్నరు గదా, లొల్లి ఎందుకు?" అనే అన్నలకు ఒక్క మాట. ఆ పొగ మన అన్నం మీద, మన పరుపు మీద, మన ఊపిరితిత్తుల్లో పడుతోంది. కొన్ని మిషన్లల్లో మందును డీజిల్‌లో కలిపి కొడతరు. గ్యాస్ పొయ్యి దగ్గర అది మంటలకు దారి.

ఇంకో ముప్పు. విసిగిపోయి కొందరు ధాన్యం గోదాముల్లో పెట్టే గోలీలు తెచ్చి రూముల పెడుతున్నరు. వద్దు! గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తది. గోడ సందుల్లోంచి పక్క రూముకు పోయి నిద్రలోనే ప్రాణం తీస్తది.

కంపెనీని అడగాల్సినవి ఇవి:

1. మందు కొట్టే ముందురోజే చెప్పాలి. మందు పేరు, ఎంతసేపు బయట ఉండాలో గోడకు అంటించాలి.
2. నైట్ డ్యూటీ వాళ్లకు పండుకోను వేరే రూము ఇవ్వాలి.
3. పర్మిట్ ఉన్న కంపెనీతోనే, సందుల్లోకి పోయేటట్టు మందు కొట్టించాలి. రెండు వారాలకు మళ్లీ కొట్టించాలి.
4. పాడైన పరుపులు మార్చాలి. దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్లల్ల ఉతికే మిషన్ పెట్టాలి.

ఒక్కడు అడిగితే పేరు రాసుకుంటరు. రూమంతా, ఫ్లోరంతా సంతకాలు పెట్టి అడగండి. కాగితం ఫోటో తీసి దాచుకోండి.

పన్నెండు గంటలు ఎండల పని చేసినోనికి నిద్ర దయ కాదు, హక్కు. ఈ మెసేజ్ మీ రూము గ్రూపుల పెట్టండి.